తొమ్మిది పిన్నుల సాకెట్టు వెనుక ఏముందో చెప్పే బోర్డు: ఆర్‌జీబీ టు హెచ్‌డీఎంఐ సమీక్ష

పాత ఐబీఎం తరహా కంప్యూటర్లను సేకరించేవారినీ, మరమ్మతు చేసేవారినీ అన్నిటికంటే ముందు ఇబ్బంది పెట్టేది తెర మీద బొమ్మ రాకపోవడం కాదు, చేతిలో ఉన్న వీడియో కార్డు ఏ ప్రమాణానికి చెందినదో తెలియకపోవడం. కార్డు వెనుక పట్టీకి తొమ్మిది రంధ్రాల సాకెట్టు ఒకటి ఉంటుంది. 1981లో ఐబీఎం పీసీతో వచ్చిన ఎండీఏకూ (ఒకే రంగులో అక్షరాలు మాత్రమే చూపేది), సీజీఏకూ (రంగుల గ్రాఫిక్స్ చూపేది) అదే సాకెట్టు. 1982 నాటి హెర్క్యులీస్‌కూ (ఒకే రంగులో గ్రాఫిక్స్ కూడా చూపేది), 1984 నాటి ఈజీఏకూ (మరిన్ని రంగులది) అదే. ఆకారంలో తేడా లేకపోయినా ఒక్కో పిన్ను చేసే పని వేరు, సిగ్నల్ వేగం వేరు. తప్పు మానిటరు తగిలిస్తే బొమ్మ రాకపోవడంతోనే పోదు. ఐబీఎం 5151 అనే ఆకుపచ్చ తెర మానిటరు, గీత ఎప్పుడు మొదలుపెట్టాలో చెప్పేందుకు కార్డు పంపే సింక్ పల్సులతోనే తన హారిజాంటల్ (అడ్డగీతలు గీసే) సర్క్యూట్‌ను నేరుగా నడుపుకుంటుంది. దానికి తగని వేగం అందితే ఆ సర్క్యూట్ కాలిపోయే ప్రమాదం ఉంది. నలభై ఏళ్లు దాటిన మానిటరుకు ఇవాళ విడిభాగాలు దొరకవు కనుక, తగిలించి చూద్దాం అనే పద్ధతి ఇక్కడ పనికిరాదు.

ఈ చిక్కుకు నేను చూసిన పరికరాల్లో అన్నిటికంటే నమ్మకమైన జవాబు ఇస్తున్నది ఆర్‌జీబీ టు హెచ్‌డీఎంఐ అనే చిన్న బోర్డు. పాత కంప్యూటర్ బొమ్మను కొత్త తెర మీద చూపించే పరికరంగానే దీన్ని అందరూ కొంటున్నారు, ఆ పని అది చక్కగా చేస్తుంది కూడా. అయితే దీని అసలు విలువ కొలతల్లో ఉందని నా అభిప్రాయం. లోపలికి వస్తున్న సిగ్నల్‌లో ఒక్కో గీతకు ఎంత కాలం పట్టింది, ఒక్కో ఫ్రేములో, అంటే ఒక పూర్తి బొమ్మలో, ఎన్ని గీతలున్నాయి, సింక్ పల్సులు ధనంగా ఉన్నాయా, రుణంగా ఉన్నాయా అన్నవి ఇది తెర మీద అంకెలతో చూపుతుంది. ఆ మూడు సంగతులూ తెలిస్తే కార్డు మీద పేరు లేకపోయినా, స్టిక్కరు చిరిగిపోయినా, అది ఏ కుటుంబానిదో చెప్పేయవచ్చు.

నిర్మాణం సులువుగా అర్థమయ్యేదే. రాస్ప్‌బెర్రీ పై జీరో అనే చిట్టి కంప్యూటర్, దాని నెత్తిన కూర్చునే చిన్న బోర్డు, ఆ బోర్డు మీద జైలింక్స్ వారి ప్రోగ్రామబుల్ లాజిక్ చిప్పు ఒకటి. సిగ్నల్‌ను చిప్పు పట్టుకుంటుంది, పై జీరో దాన్ని హెచ్‌డీఎంఐకి మారుస్తుంది. లైనక్స్ వంటి ఆపరేటింగ్ సిస్టమ్ ఏదీ మధ్యలో లేకుండా ప్రోగ్రామ్ నేరుగా హార్డ్‌వేర్ మీదే నడుస్తుంది కనుక, స్విచ్ వేసిన కొద్ది క్షణాల్లోనే బొమ్మ వస్తుంది. ఇది మొదట బ్రిటన్‌కు చెందిన బీబీసీ మైక్రో కంప్యూటర్ కోసం పుట్టిన ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు. ఆ తర్వాత ఒక్కో యంత్రానికీ ఒక్కో ప్రొఫైలు చేరుతూ వచ్చింది. ఆ ప్రొఫైళ్లు మైక్రో ఎస్‌డీ కార్డులో మామూలు టెక్స్ట్ ఫైళ్లుగా ఉంటాయి, ఎవరైనా తెరిచి చదువుకోవచ్చు. ఏ ప్రమాణానికి ఏ కొలతలు ఉండాలో ఆ ఫైళ్లలోనే రాసి ఉంటుంది; ఈ విద్య నేర్చుకోదలచినవారికి అంతకు మించిన పాఠం మరొకటి నాకు కనబడలేదు.

బోర్డును తగిలించే ముందు కంటితో చేసుకోవలసిన పరీక్ష కొంత ఉంది. ఐబీఎం ఏటీ కాలం నుంచి సీరియల్ పోర్టు కూడా తొమ్మిది పిన్నులదే. సీరియల్ పోర్టులో పిన్నులు బయటికి పొడుచుకుని ఉంటాయి, వీడియో సాకెట్టులో రంధ్రాలుంటాయి. సీరియల్ సిగ్నల్ ధన, రుణ దిశల్లో 12 వోల్టుల దాకా వెళ్లగలదు కనుక, పిన్నుల సాకెట్టును రంధ్రాలదిగా మార్చే అడాప్టరుతో దాన్ని ఈ బోర్డుకు తగిలిస్తే 5 వోల్టులకు మించి తట్టుకోలేని చిప్పు దెబ్బతింటుంది. ఆ తర్వాత చూడవలసింది కార్డు మీద ఉన్న క్రిస్టల్, అంటే కార్డు వేగాన్ని నిర్ణయించే గడియారం. వెండిరంగు డబ్బీ మీద 16.257 అని ఉంటే అది ఎండీఏ, హెర్క్యులీస్, ఈజీఏల్లో ఏదో ఒకటి. ఐబీఎం వారి అసలు సీజీఏకు సొంత క్రిస్టల్ ఉండదు. మదర్‌బోర్డు స్లాటు ద్వారా అందించే 14.318 మెగాహెర్ట్జ్ గడియారాన్నే అది వాడుకుంటుంది. 25.175, 28.322 అనే అంకెలు కనిపిస్తే అది తర్వాతి తరం వీజీఏ, దానికి ఎలాగూ పదిహేను రంధ్రాల సాకెట్టు ఉంటుంది. ఇక ఈజీఏకు సొంత బయాస్ రోమ్ (కార్డును నడిపే ప్రోగ్రామ్ ఉన్న చిప్పు) ఉంటుంది, వెనుక పట్టీ వైపు నాలుగు చిన్న స్విచ్చుల వరస కనిపిస్తుంది. అసలు ఎండీఏ, సీజీఏలకు ఆ రెండూ ఉండవు.

ఇంతవరకు కన్ను చెప్పేది. కానీ తైవాన్‌లో, ఇతర చోట్ల తయారై మన దేశంలో అసెంబుల్ చేసిన పీసీల్లోకి వచ్చిన కార్డులు ఈ గుర్తులన్నిటినీ పాటించవు. ఒకే పెద్ద చిప్పులో అంతా ఇమిడ్చినవి, జంపరు (బోర్డు మీది పిన్నులను కలిపే చిన్న క్లిప్పు) మారిస్తే ఒకసారి హెర్క్యులీస్‌గా, మరోసారి సీజీఏగా నడిచేవి చాలా ఉన్నాయి. అటువంటి కార్డు ముందు కంటి పరీక్ష ఆగిపోతుంది, బోర్డు పని అక్కడే మొదలవుతుంది.

పేరు లేని అటువంటి కార్డునొకదాన్ని పరీక్షించినప్పుడు ఏం కనిపించిందో కాస్త వివరంగా చెబుతాను. తొమ్మిది పిన్నుల కేబులు తగిలించి, యంత్రం ఆన్ చేసి, బోర్డు మీది బటన్‌తో మెనూ తెరిచి, సిగ్నల్ సమాచారం చూపే పేజీకి వెళ్లాను. గీతల వేగం సుమారు 18.4 కిలోహెర్ట్జ్, ఫ్రేముకు 370 గీతలు, సెకనుకు 50కి కాస్త తక్కువ ఫ్రేములు, హారిజాంటల్ సింక్ ధనం, వర్టికల్ సింక్ (ఫ్రేము మొదలును చెప్పేది) రుణం. ఈ వరస చూడగానే ఇది ఎండీఏ కుటుంబం అని తేలిపోతుంది. 16.257 మెగాహెర్ట్జ్ గడియారం ఒక్కో గీతకు 882 సార్లు కొట్టుకుంటే సెకనుకు 18,432 గీతలు వస్తాయి, దాన్ని 370తో భాగిస్తే 49.8 వస్తుంది. సీజీఏ అయితే 14.318 మెగాహెర్ట్జ్‌ను 912తో భాగించాలి, 15.7 కిలోహెర్ట్జ్ వస్తుంది. ఫ్రేముకు 262 గీతలు, సెకనుకు దాదాపు 60 ఫ్రేములు, రెండు సింకులూ ధనం. ఈ రెండింటి మధ్య పొరపడటానికి తావే లేదు.

అయితే ఎండీఏ కుటుంబం అని తేలినంత మాత్రాన కార్డు ఎండీఏ అని తేలినట్టు కాదు. హెర్క్యులీస్ కార్డు అక్షరాలు చూపేటప్పుడు అచ్చం ఎండీఏ లాగే నడుస్తుంది, కొలతలో పిసరంత తేడా ఉండదు. తేడా గ్రాఫిక్స్‌లోకి వెళ్లినప్పుడే బయటపడుతుంది. హెర్క్యులీస్ మద్దతు ఉన్న లోటస్ 1-2-3 అనే స్ప్రెడ్‌షీట్ ప్రోగ్రామ్‌లో ఒక పట్టిక వేసి గ్రాఫు పిలవగానే, సమాచార పేజీలో గీతకు పట్టే కాలం 54.25 మైక్రోసెకన్ల దగ్గర నుంచి 53.1 దగ్గరికి జారింది, ఫ్రేముల సంఖ్య 50 దాటింది. హెర్క్యులీస్ 720×348 గ్రాఫిక్స్‌లో ఒక్కో గీతకు 882 బదులు 864 గడియారపు దెబ్బలే పడతాయి. ఆ చిన్న జారుడే కార్డు గుర్తింపు పత్రం. మామూలు మానిటరు ముందు కూర్చుంటే ఈ మార్పు కంటికి ఆనదు, బొమ్మ ఒక్క క్షణం వణికి కుదురుకున్నట్టు అనిపిస్తుంది, అంతే.

ఇదే పరీక్షను పాత మానిటరు మీద చేయవద్దని గట్టిగా చెప్పాలి. అసలు ఎండీఏ కార్డుకు హెర్క్యులీస్ ఆదేశాలను గుడ్డిగా పంపే ప్రోగ్రామ్ ఏదైనా తగిలితే, ఎండీఏ ఒక్కో అక్షరాన్ని 9 చుక్కలుగానే లెక్కిస్తుంది కనుక గీతల వేగం ఒక్కసారిగా 33 కిలోహెర్ట్జ్ దాటిపోతుంది. 5151 దాన్ని తట్టుకోలేదు. ఈ బోర్డుకైతే అందులో కాలిపోయే గొట్టమూ, ట్రాన్స్‌ఫార్మరూ లేవు. సింక్ కోల్పోయిందని చూపి ఊరుకుంటుంది. పరీక్షా పరికరంగా దీన్ని నేను ఇంతగా ఇష్టపడటానికి ఈ భద్రతే ప్రధాన కారణం.

హెర్క్యులీస్ గురించి మరొక మాట చెప్పుకోవడం బాగుంటుంది. ఆ కార్డును రూపొందించిన వాన్ సువన్నుకుల్ థాయ్ జాతీయుడు. ఐబీఎం పీసీ మీద థాయ్ లిపిలో పని చేసుకోవడానికి ఎండీఏ అక్షరాల చట్రం చాలక, ప్రతి చుక్కనూ విడిగా వెలిగించగల కార్డు ఆయనకు అవసరమైంది. తెర మీద తెలుగు ఒత్తులూ గుణింతాలూ చూడటానికి మన భాషవాళ్లూ పడిన పాట్లు అటువంటివే కనుక, ఆ 348 గీతల బొమ్మను చూసినప్పుడల్లా నాకు గౌరవం కలుగుతుంది.

ఈజీఏ దగ్గర విషయం ఇంకాస్త చిక్కుగా ఉంటుంది. ఈజీఏకు రెండు వేగాలున్నాయి. 640×350 చూపేటప్పుడు అది సుమారు 21.85 కిలోహెర్ట్జ్‌తో, వర్టికల్ సింక్‌ను రుణంగా పంపుతుంది. 200 గీతల మోడ్‌కు దిగినప్పుడు 15.7 కిలోహెర్ట్జ్‌తో, వర్టికల్ సింక్‌ను ధనంగా పంపుతుంది. మానిటరు ఆ సింక్ దిశను చూసే తన వేగాన్నీ, రంగుల లెక్కనూ మార్చుకుంటుంది. కార్డు వెనుక స్విచ్చులు సీజీఏ మానిటరుకు అమర్చి ఉంటే ఈజీఏ కార్డు ఆన్ అయింది మొదలు 15.7తోనే నడుస్తుంది, కొలతలో సీజీఏకూ దానికీ తేడా తెలియదు. కాబట్టి ఈ బోర్డు చెప్పేది కార్డు పేరు కాదనీ, ఆ క్షణంలో కార్డు ఏం పంపుతున్నదో అదేననీ కొనేవారు ముందే గ్రహించాలి. స్విచ్చులు మార్చి, యంత్రాన్ని తిరిగి ఆన్ చేసి, రెండోసారి కొలిస్తే తప్ప ఈజీఏ తన ముఖం చూపదు.

రంగుల పిన్నుల విషయంలో కొనుగోలుకు ముందే జాగ్రత్త పడాలి, ఎందుకంటే ఈ బోర్డు రకరకాల రూపాల్లో అమ్ముడుపోతోంది. బీబీసీ మైక్రోకు ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడు తీగలు చాలు. సీజీఏకు తీవ్రత పిన్ను ఒకటి కలిపి నాలుగు కావాలి. ఈజీఏ తన 64 రంగుల కోసం ఆరు వాడుతుంది. ఎండీఏ, హెర్క్యులీస్‌లకు 3, 4, 5 పిన్నుల్లో ఏమీ ఉండదు; బొమ్మంతా 7వ పిన్నులోనూ, తీవ్రత 6వ పిన్నులోనూ వస్తాయి. అంటే మూడు రంగుల తీగలే ఉన్న బోర్డుకు హెర్క్యులీస్ కార్డు తగిలిస్తే సింక్ కొలతలన్నీ సరిగ్గా వస్తాయి కానీ తెర నల్లగానే ఉంటుంది. నేను తెప్పించుకున్న చోట అన్ని పాత పీసీలకూ సరిపోతుందని రాశారు తప్ప, బోర్డుకు ఎన్ని తీగలున్నాయో ఎక్కడా చెప్పలేదు; పెట్టెలో పిన్నుల పట్టిక కూడా లేదు. ఇంత నాణ్యమైన పరికరాన్ని ఇలా అమ్మడం బాధ కలిగించే విషయం. ఐబీఎం కార్డుల కోసం కొనేవారు ఆరు తీగలున్న రూపమేనా అని అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకుని మరీ డబ్బు కట్టడం మంచిది.

ఈజీఏ వాడేవారు 2వ పిన్నును కూడా గమనించాలి. ఎండీఏలోనూ, సీజీఏలోనూ అది భూమి (గ్రౌండ్) తీగ. ఈజీఏలో అదే రెండో ఎరుపు తీగ. సీజీఏ కోసం చేసిన కేబులులో 1, 2 పిన్నులను కలిపేసి ఉంటే ఈజీఏ పంపే ఎరుపు సిగ్నల్ నేరుగా భూమికి పోతుంది. మీటరుతో ఆ రెండు పిన్నుల మధ్య కనెక్షన్ ఉందో లేదో చూసుకోవడానికి నిమిషం కూడా పట్టదు.

బొమ్మ నాణ్యత గురించి ఎక్కువ రాయనవసరం లేదు, అది అద్భుతంగా ఉంది. అనలాగ్ దశ ఏదీ లేకుండా డిజిటల్ సిగ్నల్‌ను ఉన్నది ఉన్నట్టు పట్టుకుంటుంది కనుక అక్షరాల అంచులు కత్తితో కోసినట్టుంటాయి. సీజీఏలో ముదురు పసుపుగా రావలసిన రంగును ఐబీఎం 5153 మానిటరు తన లోపలి సర్క్యూట్‌తో గోధుమ రంగుగా మార్చి చూపేది. ఈ బోర్డు రంగుల పట్టికలో ఆ సవరణ ఉంది, అందువల్ల నాటి తెర మీద ఎలా కనిపించేదో అలాగే కనిపిస్తుంది. ఎండీఏ ప్రొఫైలులో ఆకుపచ్చ, అంబర్ రంగులు ఎంచుకోవచ్చు.

ప్రొఫైలు ఊహించుకోవలసి వచ్చే వింత కార్డులకు మాత్రం ఒక సూత్రం ఉపయోగపడుతుంది. గీతకు పడే గడియారపు దెబ్బల సంఖ్యను తప్పుగా ఇస్తే తెర మీద నిలువుగా మసక పట్టీలు వస్తాయి. అసలు సంఖ్యకూ మనం ఇచ్చిన సంఖ్యకూ తేడా ఎంత ఎక్కువైతే అన్ని ఎక్కువ పట్టీలు. సంఖ్యను ఒక్కొక్కటిగా మారుస్తూ పోతే పట్టీలు తగ్గుతూ వచ్చి, సరైన దగ్గర పూర్తిగా మాయమవుతాయి. అలా దొరికిన సంఖ్యను గీతల వేగంతో గుణిస్తే కార్డు గడియారం ఎంతో తెలిసిపోతుంది, దాన్ని క్రిస్టల్ మీది అంకెతో పోల్చి నిర్ధారించుకోవచ్చు. కొలతా, క్రిస్టలూ ఒకే మాట చెప్పిన రోజు ఇక ఆ కార్డు విషయంలో అనుమానం పెట్టుకోనక్కర్లేదు.

50 హెర్ట్జ్ దగ్గర కొన్ని తెరలు మొండికేస్తాయి. బోర్డు తన హెచ్‌డీఎంఐ వేగాన్ని వచ్చే సిగ్నల్‌కు తాళం వేసినట్టు జత చేయగలదు, కానీ ఎదుటి మానిటరు 50 హెర్ట్జ్‌ను అంగీకరించాలి. కంప్యూటర్ మానిటర్లలో చాలా వాటికి ఆ గుణం లేదు, టీవీలు సాధారణంగా ఒప్పుకుంటాయి. ఎండీఏ, హెర్క్యులీస్‌లే ఎక్కువగా వాడేవారు ఇది చూసుకుని తెర ఎంచుకోవాలి.

అనలాగ్ సిగ్నళ్ల జోలికి ఈ బోర్డుతో వెళ్లకపోవడమే మేలు. అనలాగ్ కోసం విడిగా చేర్చుకునే భాగాలున్నాయి కానీ అవి పరిమిత రంగులున్న యంత్రాలకే నప్పుతాయి. 1987లో పీఎస్/2 యంత్రాలతో వచ్చిన వీజీఏకు 31.47 కిలోహెర్ట్జ్ అనలాగ్ సిగ్నల్, ఒకేసారి 256 రంగులు. అటువంటి చోట అనలాగ్ బొమ్మను హెచ్‌డీఎంఐకి మార్చే ఓఎస్‌ఎస్‌సీ అనే పరికరం సరైనది. దాని మీది చిన్న ఎల్‌సీడీ కూడా గీతల సంఖ్యనూ, కిలోహెర్ట్జ్‌నూ, హెర్ట్జ్‌నూ చూపుతుంది, అందువల్ల గుర్తింపు పనికి అనలాగ్ వైపు అదే నా ఎంపిక. వీజీఏలో గుర్తింపు కొంత తేలిక కూడా: 480 గీతలకు రెండు సింకులూ రుణం, 400 గీతలకు వర్టికల్ మాత్రమే ధనం, 350 గీతలకు హారిజాంటల్ మాత్రమే ధనం. చవగ్గా దొరికే జీబీఎస్-8200 బోర్డు మీద సీజీఏ, ఈజీఏ అని ముద్రించి ఉన్నా, అది తీసుకునేది అనలాగ్ సిగ్నల్. సీజీఏ కార్డు పంపే టీటీఎల్ (5 వోల్టుల డిజిటల్) సిగ్నల్‌ను రెసిస్టర్లతో తగ్గించి, రంగులను కలిపి ఇస్తే తప్ప సరైన బొమ్మ రాదు. పైగా అది వచ్చే సిగ్నల్ కొలతలేవీ చెప్పదు. ఐబీఎం వారి పీజీసీ కార్డుది మాత్రం తొమ్మిది రంధ్రాల సాకెట్టే అయినా సిగ్నల్ అనలాగ్, వేగం 30 కిలోహెర్ట్జ్ పైన. అరుదైన కార్డే కానీ, ఎదురైతే ఈ బోర్డుకు తగిలించకూడదు.

మన దేశంలో ఈ బోర్డుకు మరొక సహజమైన చోటు ఉంది. కంప్యూటర్ చదువు కోసం 1984లో మొదలైన క్లాస్ పథకం కింద పాఠశాలలకు బీబీసీ మైక్రోలు వచ్చాయి, ఆ తర్వాత సెమీకండక్టర్ కాంప్లెక్స్ సంస్థ వాటినే యూనికార్న్ పేరుతో ఇక్కడ తయారు చేసింది. ఆ పథకం యంత్రం ఏ పాత బడి స్టోర్‌రూములోనైనా బయటపడితే, దాని ఆరు పిన్నుల గుండ్రటి సాకెట్టులో 15.625 కిలోహెర్ట్జ్, 50 హెర్ట్జ్ డిజిటల్ రంగుల సిగ్నల్ దొరుకుతుంది. ఈ బోర్డు పుట్టిందే దాని కోసం కనుక ప్రొఫైలు వెతకనక్కరలేదు, కరెంటు కూడా ఆ సాకెట్టులోని 5 వోల్టుల పిన్ను నుంచే తీసుకోవచ్చు. ఐబీఎం కార్డుల తొమ్మిది రంధ్రాల్లో ఆ సౌకర్యం లేదు, పై జీరోకు విడిగా మైక్రో యూఎస్‌బీ ఛార్జరు పెట్టాలి.

కొనదలచినవారికి చివరగా కొన్ని పనికొచ్చే సంగతులు. డిజైను అందరికీ తెరిచి ఉన్నది కనుక బోర్డును చాలామంది తయారు చేసి అమ్ముతున్నారు; కొన్నిటిలో పై జీరో కలిసి వస్తుంది, కొన్నిటిలో రాదు. విదేశాల నుంచి తెప్పించుకుంటే కస్టమ్స్ సుంకం కలుస్తుంది. పై జీరోది మినీ హెచ్‌డీఎంఐ సాకెట్టు, ఇంట్లో ఉన్న మామూలు కేబులు పట్టదు. టంకం పట్టడం వచ్చినవారు భాగాలు విడిగా కొని తామే అమర్చుకోవచ్చు, కానీ చిప్పు కాళ్లు సన్నగా, దగ్గరగా ఉంటాయి కనుక మొదటిసారి టంకం పట్టేవారికి ఇది తగదు. మెనూ మూడు బటన్లతో నడుస్తుంది, అలవాటయ్యేదాకా విసుగనిపిస్తుంది. తెర మీది బొమ్మను ఎస్‌డీ కార్డులోకి ఫైలుగా భద్రపరిచే సౌకర్యం ఉంది; పరీక్షించిన ప్రతి కార్డుకూ సమాచార పేజీ కొలతలను రాసిపెట్టుకుని, ఆ బొమ్మతో కలిపి, కార్డు రెండు వైపులా తీసిన ఫోటోల పక్కన దాచుకుంటే, తర్వాత అదే రకం కార్డు ఎవరి చేతికి వచ్చినా మళ్లీ మొదటి నుంచి వెతుక్కోనక్కరలేదు.